ఖగోళ వేధశాలలకు పరికరాలు రూపొందించే ఇంజినీరు కావడం ఎలా: హైదరాబాద్ విద్యార్థుల కోసం

ఎంపీసీ చదివి, ఎప్‌సెట్ రాసి బీటెక్‌లో చేరిన తరువాత కూడా ఆకాశం మీద ఇష్టం తగ్గని విద్యార్థులు మన నగరంలో చాలామందే ఉన్నారు. ఖగోళ శాస్త్రం అంటే భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ చేసినవాళ్ల వ్యవహారమని, ఇంజినీరింగ్‌లో చేరిన రోజే ఆ దారి మూసుకుపోయిందని వారిలో ఎక్కువమంది అనుకుంటారు. అది నిజం కాదు. పుణె జిల్లాలో నారాయణ్‌గావ్‌కు దగ్గరలోని ఖోడద్ వద్ద ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌నే తీసుకుందాం. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లు అక్కడ దాదాపు 25 కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నాయి. ఆ డిష్‌లను తిప్పే మోటార్లు, వాటి కేంద్రాల వద్ద ఉండే రిసీవర్లు, సంకేతాలను మోసుకొచ్చే ఆప్టికల్ ఫైబర్లు, ఆ సంకేతాలన్నింటినీ ఒకదానితో ఒకటి గుణించి చూసే కోరిలేటర్, వీటన్నింటినీ ఒకే తీరులో నడిపించే సాఫ్ట్‌వేర్, ఇవన్నీ ఇంజినీర్లు రూపొందించి ప్రతిరోజూ కనిపెట్టుకొని ఉండే వ్యవస్థలు.

బీటెక్ రెండో, మూడో సంవత్సరంలో ఉన్నవారిని, చదువు ముగించి ఒకటి రెండేళ్లుగా ఉద్యోగం చేస్తూ దారి మార్చుకోవాలని ఆలోచిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. ఇందులో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. తాను తయారుచేసిన పరికరం ఎంతవరకు సరిగ్గా కొలుస్తుందో, ఎక్కడ ఎంత తప్పుతుందో, ఆ తప్పు ఎందుకు వస్తుందో అంకెలతో చెప్పగలిగిన విద్యార్థికి వేధశాలల్లో చోటు దొరుకుతుంది. మిగిలిన అర్హతలన్నీ ఈ అలవాటు చుట్టూ పేర్చుకోవలసినవే.

మన నగరంలో ఇప్పటికే ఉన్నది

ఈ రంగం హైదరాబాద్‌కు కొత్తది కాదు. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాతి కాలంలో బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ ఉన్న ఆ వేధశాల, ఆకాశమంతటినీ ఫొటోగ్రాఫిక్ ఫలకాల మీద నమోదు చేసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ కృషిలో పాలుపంచుకుంది. ఆధునిక భారత ఖగోళ శాస్త్రానికి పునాదులు వేసిన వేణు బాప్పు తండ్రి ఆ వేధశాలలోనే పనిచేశారు. బాప్పు పెరిగినది ఈ నగరంలో, చదివినది నిజాం కాలేజీలో. నగరానికి వెలుపల జాపాల్-రంగాపూర్ వద్ద ఉస్మానియా వారు 48 అంగుళాల టెలిస్కోప్‌ను నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు అక్కడినుంచి పరిశీలనలు చేశారు.

అయితే ఇంజినీరింగ్ విద్యార్థి మరింత శ్రద్ధగా గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ. చంద్రయాన్-1 సమయానికి బెంగళూరు దగ్గరి బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల డీప్ స్పేస్ యాంటెన్నా తయారీలో ఈ సంస్థకు భాగం ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున, భాభా అణు పరిశోధన కేంద్రం నెలకొల్పిన మేస్ టెలిస్కోప్ నిర్మాణంలోనూ ఈసీఐఎల్ భాగస్వామి. 2024 అక్టోబరులో ప్రారంభమైన మేస్‌కు 21 మీటర్ల వ్యాసం గల అద్దాల పళ్లెం ఉంది. గామా కిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే నీలి మెరుపు కొన్ని నానోసెకన్ల కంటే ఎక్కువసేపు నిలవదు; దాన్ని పట్టుకోవడానికి వెయ్యికి పైగా ఫొటోమల్టిప్లయర్ గొట్టాలున్న కెమెరాను వాడతారు. ఇంత భారీ నిర్మాణం గుండ్రటి పట్టాల మీద ఆరు చక్రాలతో తిరుగుతుందని తెలుసుకుంటే, మెకానికల్ విద్యార్థికి ఇక్కడ ఎంత పని ఉందో అర్థమవుతుంది.

రెండవది టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం, ఇది కూడా ఈసీఐఎల్ పరిసరాల్లోనే ఉంది. పలుచని పాలిథీన్‌తో చేసిన పెద్ద బెలూన్లకు శాస్త్రీయ పరికరాలు కట్టి 30 కిలోమీటర్లు, అంతకంటే ఎత్తుకు పంపడం ఇక్కడి పని. సుదూర పరారుణ కిరణాలను వాతావరణంలోని నీటి ఆవిరి పీల్చేసుకుంటుంది కాబట్టి వాటిని నేలమీది నుంచి చూడలేము. అందుకే ఒక మీటరు వ్యాసం గల టెలిస్కోప్‌ను ఇక్కడి బెలూన్లకు కట్టి పైకి పంపి, నక్షత్రాలు పుట్టే మేఘాల్లోని కార్బన్ అయాన్లు 158 మైక్రాన్ల వద్ద వెలువరించే కాంతిని కొలిచారు. బెలూన్‌కు వేలాడే పరికరాల పెట్టె గాలికి ఊగుతూ, తనచుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. అయినా టెలిస్కోప్ గురి కదలకూడదు. పని పూర్తయ్యాక పరికరాలు పారాచూట్‌తో ఏదో ఒక పొలంలో దిగుతాయి, వాటిని ముట్టుకోవద్దని ముందుగానే ప్రకటన ఇస్తారు. కంట్రోల్ సిస్టమ్స్ పాఠం పుస్తకంలో చదివి విసిగిపోయిన విద్యార్థి ఈ ఒక్క సమస్య గురించి వారం రోజులు ఆలోచిస్తే, ఆ పాఠానికి ప్రాణం వస్తుంది.

ఏ బ్రాంచివారికి ఏ పని

ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరుగుతున్నట్టు మనకు కనిపిస్తుంది. టెలిస్కోప్ దాన్ని అనుసరించాలి, అదీ కుదుపు లేకుండా. పూర్తి వృత్తంలో 12,96,000 ఆర్క్‌సెకన్లు ఉన్నాయి. తిరిగిన కోణాన్ని కొలిచే 20 బిట్ల ఎన్‌కోడర్ ఒక చుట్టును 10,48,576 భాగాలుగా లెక్కిస్తుంది, అంటే దాని ఒక్కో మెట్టు దాదాపు 1.24 ఆర్క్‌సెకన్లు. పెద్ద ఆప్టికల్ టెలిస్కోప్‌కు గురిలో ఆర్క్‌సెకనులో పదో వంతు నిలకడ కావలసివస్తుంది కాబట్టి ఆ ఎన్‌కోడర్ చాలదని కాగితం మీదే తేలిపోతుంది. గేర్ల మధ్య సందు, గాలి ఒత్తిడి, బేరింగుల రాపిడి దీనికి తోడవుతాయి. ఎలక్ట్రికల్ వారికి, మెకానికల్ వారికి కలిసి చేయవలసిన పని ఇక్కడే మొదలవుతుంది.

మెకానికల్ విద్యార్థులు ఉష్ణోగ్రతను ప్రధాన శత్రువుగా భావించాలి. ఒక మీటరు ఉక్కు కడ్డీ 10 డిగ్రీల తేడాకు సుమారు 120 మైక్రాన్లు పెరుగుతుంది. అద్దం ఉపరితలంలో అనుమతించే లోపమేమో నానోమీటర్లలో ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడానికే వ్యాకోచం దాదాపు లేని ప్రత్యేక గాజు, అద్దాన్ని వెనకనుంచి పట్టుకునే సున్నితమైన ఆధారాలు, ఉష్ణోగ్రతను తట్టుకొనేలా కట్టిన చట్రాలు పుట్టాయి. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల మౌంట్ ఆబూలో వాడుతున్న పారస్ వర్ణపటమాపకాలను శూన్యపాత్రలో, స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద ఉంచేది కూడా ఇందుకే. ఒక గ్రహం తన నక్షత్రాన్ని లాగడం వల్ల కలిగే అతి చిన్న మార్పును పట్టుకోవాలంటే పరికరం తనంతట తాను కదలకూడదు.

పలు దేశాలు కలిసి తలపెట్టిన థర్టీ మీటర్ టెలిస్కోప్‌లో పెద్ద అద్దం 492 షట్కోణపు ముక్కలతో కూడినది. ఒక్కో ముక్కను మూడు యాక్చుయేటర్లు కదుపుతాయి, మొత్తం 1,476 అవుతాయి. పక్కపక్క ముక్కల అంచుల ఎత్తు తేడాను సెన్సర్లు కొలుస్తూ ఉంటే, ఆ కొలతల ఆధారంగా ఆ ముక్కలన్నీ ఒకే అద్దంలా ప్రవర్తించేలా కంప్యూటరు చూస్తుంది. ఈ యాక్చుయేటర్లు, అంచు సెన్సర్లు, ముక్కల ఆధార వ్యవస్థలు, కొంత సాఫ్ట్‌వేర్ భారతదేశం వాటాగా వచ్చాయి. హవాయిలోని మౌనా కియా మీద ఆ టెలిస్కోప్ నిర్మాణం వివాదాల వల్ల నిలిచిపోయినా, ఈ పని నేర్చుకున్న ఇంజినీర్ల అనుభవం మన దేశంలోనే ఉంది.

ఈసీఈ వారికి రేడియో ఖగోళ శాస్త్రం సహజమైన ద్వారం. నవీకరించిన జీఎంఆర్‌టీలో గరిష్ఠంగా 400 మెగాహెర్ట్జ్ వెడల్పు గల సంకేతాన్ని ఒకేసారి గ్రహిస్తారు. 30 యాంటెన్నాల నుంచి రెండేసి ధ్రువణాలు వస్తాయి కాబట్టి 60 సంకేతాలు, ఒక్కోదానికి సెకనుకు 80 కోట్ల నమూనాలు, మొత్తం సెకనుకు 4,800 కోట్ల నమూనాలు. వీటిని అప్పటికప్పుడే విశ్లేషించడానికి ఎఫ్‌పీజీఏలను (మనకు కావలసినట్టు లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగల చిప్‌లను), గ్రాఫిక్స్ ప్రాసెసర్లను కలిపి వాడారు. అందులోని ఎఫ్‌పీజీఏ చిప్‌లు జైలింక్స్ సంస్థవి. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయం ఉండేది, ఇప్పుడది ఏఎండీలో కలిసింది. కాబట్టి ఈ చిప్‌ల కోసం వెరిలాగ్ భాషలో రాయగలిగినవాళ్లు, టైమింగ్ సమస్యలు తీర్చగలిగినవాళ్లు ఈ నగరంలో కొరతగా లేరు. చిప్ కంపెనీలో రెండు మూడేళ్లు పనిచేసిన అనుభవం రేడియో వేధశాలలో వృథా కాదని నేను గట్టిగా నమ్ముతాను.

సీఎస్ఈ వారికి స్క్వేర్ కిలోమీటర్ అరే ముందున్నది. దక్షిణాఫ్రికాలో 197 డిష్‌లు, ఆస్ట్రేలియాలో 1,31,072 చిన్న యాంటెన్నాలతో కడుతున్న ఈ అంతర్జాతీయ రేడియో వేధశాలలో భారత్ చేరడానికి 2024 జనవరిలో కేంద్రం 1,250 కోట్ల రూపాయల ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. దాని నియంత్రణ వ్యవస్థను రూపొందించడంలో జీఎంఆర్‌టీని నడిపే పుణెలోని ఎన్‌సీఆర్ఏ, మన దేశపు సాఫ్ట్‌వేర్ పరిశ్రమ కలిసి ముఖ్య పాత్ర వహిస్తున్నాయి. ఆ వ్యవస్థకు ఆధారమైన టాంగో అనే చట్రం ఉచితం, పైథాన్‌తో వాడుకోవచ్చు. ఈరోజే ల్యాప్‌టాప్‌లో పెట్టుకొని ఒక చిన్న మోటారును దానితో నడపడం మొదలుపెట్టవచ్చు.

డాబా మీద ఒక రేడియో టెలిస్కోప్

పై మాటలన్నీ చదవడం కంటే ఒక పరికరాన్ని మొదటినుంచి చివరిదాకా స్వయంగా చేయడం ఎక్కువ నేర్పుతుంది. అందుకు నేను సూచించేది హైడ్రోజన్ రేఖను పట్టే హార్న్ యాంటెన్నా, అంటే బూర ఆకారపు యాంటెన్నా. మన పాలపుంతలోని తటస్థ హైడ్రోజన్ 1420.4 మెగాహెర్ట్జ్ వద్ద, అంటే 21.1 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో, రేడియో తరంగాలు వెలువరిస్తుంది. నగరపు వెలుతురు దానికి అడ్డు కాదు, రాత్రి కావలసిన అవసరమూ లేదు.

హార్న్ వెనక ఉండే దీర్ఘచతురస్రపు పెట్టె, అంటే వేవ్‌గైడ్, లోపలి వెడల్పు 15 సెంటీమీటర్లు ఉండేలా చేయించండి. అప్పుడు దాదాపు 1000 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు అందులో ప్రయాణించలేవు. కనుక 900 మెగాహెర్ట్జ్ మొబైల్ టవర్ల గోల చాలావరకు అక్కడే ఆగిపోతుంది. 1800, ఆపై బ్యాండ్లు మాత్రం లోపలికి వస్తాయి కాబట్టి యాంప్లిఫయర్ దగ్గర 1420 చుట్టూ మాత్రమే వదిలే ఫిల్టర్ తప్పనిసరి. లేకపోతే పక్కింటి మీది టవరు సంకేతానికే యాంప్లిఫయర్ నిండిపోతుంది. ఆ వెడల్పుకు వేవ్‌గైడ్ లోపలి తరంగదైర్ఘ్యం సుమారు 29.7 సెంటీమీటర్లు, కాబట్టి సంకేతాన్ని అందుకునే రాగి కడ్డీని వెనక గోడకు దాదాపు 7.4 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టాలి. కడ్డీ పొడవు 5 సెంటీమీటర్ల పైచిలుకు నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ కొలవాలి. అల్యూమినియం రేకును వంచి ఇచ్చే షెడ్లు బాలానగర్, జీడిమెట్లలో దొరుకుతాయి. కనెక్టర్లు, కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. షెడ్డుకు వెళ్లేటప్పుడు చేతితో గీసిన బొమ్మ కాకుండా ప్రతి కొలతకూ ఎంత తేడా పరవాలేదో రాసిన డ్రాయింగ్ తీసుకువెళ్లండి. రేపు మీరు వేధశాలలో చేయబోయే పని కూడా సరిగ్గా అదే. సిగ్నల్‌ను కంప్యూటరులోకి తీసుకోవడానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ రేడియో రిసీవర్ చాలు.

రేఖ కనబడగానే సంతోషపడి ఆగిపోకూడదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. హార్న్‌ను నేలవైపు తిప్పి శక్తిని కొలవండి, తరువాత నిట్టనిలువుగా ఆకాశం వైపు తిప్పి కొలవండి. నేల ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు, ఆకాశానిది సుమారు 10 కెల్విన్లు అనుకుందాం. మొదటి శక్తి రెండోదానికి మూడు రెట్లు ఉంటే, 300లోంచి మూడు పదులు తీసివేసి రెండుతో భాగించండి: మీ రిసీవర్ స్వంతంగా కలిపే రొద (నాయిస్), ఉష్ణోగ్రతగా చెప్పుకుంటే, 135 కెల్విన్లని తేలుతుంది. ఇది మీ పరికరం గురించి మీరు చెప్పగలిగిన మొదటి నిజమైన అంకె. మే నెలలో మధ్యాహ్నం డాబా మీద కాలిపోతున్న యాంప్లిఫయర్‌తో ఒకసారి, తెల్లవారుజామున మరోసారి ఇదే కొలత తీసుకొని ఎంత మారిందో రాసుకోండి. ఆ తరువాత క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి, దగ్గరగా ఉన్న ఒకే దిశను ఆరు నెలల తేడాతో చూడండి. మనం ఆ హైడ్రోజన్ వైపు వెళ్తున్నా, దానికి దూరమవుతున్నా, సెకనుకు ఒక కిలోమీటరు వేగానికి రేఖ పౌనఃపున్యం దాదాపు 4.74 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. నెలలు సరిగ్గా ఎంచుకుంటే, భూమి తిరుగుతున్న వేగాన్ని మీ ఇంటి డాబా మీదినుంచి మీరే కొలిచినవారవుతారు. ఇంతకంటే గొప్ప బీటెక్ ప్రాజెక్టు నాకు తోచదు.

ఆప్టిక్స్ వైపు ఇష్టం ఉన్నవారు ఆరు అంగుళాల అద్దాన్ని చేత్తో అరగదీసి, ఫూకో పరీక్షతో దాని ఆకారాన్ని సరిచూడవచ్చు. బ్లేడు అంచు, చిన్న దీపం ఉంటే చాలు, అద్దంపై పదుల నానోమీటర్ల ఎత్తుపల్లాలు కంటికి కనిపిస్తాయి. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా అప్పుడప్పుడు టెలిస్కోప్ తయారీ శిబిరాలు కూడా నిర్వహిస్తుంది.

చదువు, ప్రవేశం

సెలవుల్లో వేధశాలల్లో పనిచేసే అవకాశాలు ఈ దారికి మొదటి మెట్టు. ఎన్‌సీఆర్ఏ, ఐయూకా, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ విద్యార్థులను వేసవి ప్రాజెక్టులకు తీసుకుంటాయి. పుణెలో కాలేజీ విద్యార్థుల కోసం డిసెంబరులో రేడియో ఖగోళ శాస్త్ర శీతాకాల శిబిరం జరుగుతుంటుంది. ప్రతి ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా, జీఎంఆర్‌టీ ప్రజలకు తలుపులు తెరుస్తుంది. హైదరాబాద్ నుంచి రైల్లో పుణె వెళ్లి, అక్కడినుంచి బస్సులో నారాయణ్‌గావ్ చేరుకోవచ్చు. ఒక 45 మీటర్ల డిష్ కింద నిలబడి, దాని ఉపరితలం రేకు కాదని, పలుచని తీగల వల అని కళ్లారా చూసిన తరువాత దాన్ని రూపొందించిన గోవింద్ స్వరూప్ బృందం ఖర్చును, గాలి ఒత్తిడిని ఎలా తగ్గించిందో పాఠం అవసరం లేకుండానే బోధపడుతుంది.

బీటెక్ తరువాత మూడు రకాల దారులున్నాయి. నేరుగా ఇంజినీరు ఉద్యోగంలోకి పోవడం ఒకటి. ఎన్‌సీఆర్ఏ, ఐయూకా, భారత ఖగోళ భౌతిక సంస్థ, నైనిటాల్‌లోని ఏరీస్ వంటివి తమ వెబ్‌సైట్లలో ప్రకటనలు ఇస్తాయి. శాశ్వత ఉద్యోగాల కంటే ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా వస్తుంటాయి, వాటిని చిన్నచూపు చూడకూడదు. లోపలికి వెళ్లి పని నేర్చుకోవడానికి అవే మంచి తలుపు. భాభా అణు పరిశోధన కేంద్రంలో చేరాలనుకునేవారికి గేట్ స్కోరుతో చేరగలిగే శిక్షణా పాఠశాల ఉంది. ఎంటెక్ చేయడం రెండో దారి: తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజినీరింగ్ వంటి కోర్సులు సరిగ్గా ఈ పనికి సరిపోతాయి. పరికరాల మీదే పీహెచ్‌డీ చేయడం మూడోది. ఐయూకా, ఎన్‌సీఆర్ఏల ఉమ్మడి పరీక్షకు, జెస్ట్ అనే జాతీయ ప్రవేశ పరీక్షకు ఇంజినీరింగ్ పట్టభద్రులు కూడా సిద్ధమై రాయవచ్చు. అందుకు విద్యుదయస్కాంతత్వం, గణాంక భౌతిక శాస్త్రం ఏడాదిపాటు శ్రద్ధగా చదవవలసి ఉంటుంది.

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు

జీతం గురించి దాచకుండా మాట్లాడుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సంస్థల్లో సైంటిఫిక్ ఆఫీసర్ సీ హోదాకు ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది, దానిపై కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వస్తాయి. హైటెక్ సిటీలో స్నేహితులు అందుకునే జీతంతో ఇది చాలామందికి సరితూగదు. ప్రాజెక్టు ఉద్యోగాల్లో ఇంకా తక్కువ ఉండవచ్చు. అమ్మానాన్నలతో ఈ విషయం ముందే, అంకెలతో సహా మాట్లాడితే తరువాత మనస్తాపాలు ఉండవు.

రెండో కష్టం కాలానికి సంబంధించినది. గురుత్వ తరంగాలను పట్టే వేధశాల లైగో-ఇండియాకు సూత్రప్రాయ ఆమోదం 2016లో వచ్చింది, పూర్తి ఆమోదం 2,600 కోట్ల రూపాయలతో 2023లో వచ్చింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో 4 కిలోమీటర్ల చొప్పున రెండు భుజాలు లేచి, అద్దాల మధ్య లేజర్ కాంతి నిలకడగా నిలిచేసరికి ఇప్పుడు బీటెక్ చదువుతున్నవారు అనుభవజ్ఞులవుతారు. ఏడాదికో కొత్త ఉత్పత్తి బయటికి రావాలని కోరుకునేవారికి ఈ నెమ్మది నచ్చకపోవచ్చు. అలాంటివారు పరికరాలు సరఫరా చేసే పరిశ్రమల్లో చేరి, వేధశాలల పనిని అక్కడినుంచి చేయడం మంచిది. ఆ పనీ అంతే గౌరవమైనది.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ధ్రువపత్రాల కట్టతో పాటు మీ ప్రయోగాల నోటు పుస్తకాన్ని తీసుకువెళ్లండి. తేదీ, సమయం, డాబా మీది ఉష్ణోగ్రత, ఏ కేబులు వాడారు, ఏ కొలత నమ్మలేదు, ఎందుకు నమ్మలేదు అన్నవి అందులో ఉండాలి. "నీ రిసీవర్ రొద 135 కెల్విన్లన్నావు, ఆకాశం 10 కాకుండా 20 కెల్విన్లయితే నీ అంకె ఎంత మారుతుంది?" అని ఎదుటివారు అడగవచ్చు. 300లోంచి 60 తీసి రెండుతో భాగిస్తే 120 వస్తుందని అక్కడికక్కడే చెప్పి, ఆకాశం ఉష్ణోగ్రతను స్వతంత్రంగా కొలవడానికి హార్న్‌ను వేర్వేరు కోణాలకు వంచి చూశారని మీ పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూపించగలిగితే, మిగిలిన ఇంటర్వ్యూ ఆ పేజీ మీదే సాగుతుంది.